గాటు పడని దంతెలు

“నా అర్రలో దంతెలకు గాట్లు పెట్టలేదే ఓబన్నా. మరిచినావా?”

వడ్ల ఓబన్న తల ఎత్తలేదు. పడసాలలో కంబం మొదట గొంతుక్కూర్చుని, ఉలి మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, రాలిన పొట్టును నోటితో ఊదాడు.

“మరిచేదానికి ఇదేమన్నా ఉప్పా, చింతపండా తల్లీ.”

“మల్ల ఎందుకు పెట్టలేదు?”

“ఎండెక్కక ముందే పడసాలవి ముగించాల. పొద్దెక్కితే మిద్దె కింద ఊపిరాడదు.”

విశ్వాసమ్మ కదల్లేదు. అడిగినదానికి జవాబు రాకపోతే ఆమె అడిగినచోటే నిలబడుతుంది. ఆ సంగతి ఆ పల్లెలో అందరికీ తెలుసు. ఓబన్నకూ తెలుసు. అందుకే రెండో గాటు వంకరపోయింది.

మట్టి మిద్దెను ఒక ఊళ్లో విప్పి ఇంకో ఊళ్లో నిలబెట్టడం తేలిక పని కాదు. పైన మోకాటి మందం చవుడు మట్టి ఉంటుంది. దాన్ని పారలతో తోడి కిందికి పొయ్యాలి. ఆ కింద పరిచిన గడ్డి తియ్యాలి. తర్వాత ఆ గడ్డినీ మట్టినీ మోసే అడ్డకొయ్యలు, దంతెలు, ఒక్కొక్కటే దించాలి. చివరికి దూలాలు, కంబాలు. ఏళ్ల తరబడి ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చున్న కొయ్యలవి. వరుస తప్పితే మళ్లీ కుదురుకోవు. అందుకని విప్పకముందే వడ్లాయన ప్రతి కొయ్యకూ గాటు పెడతాడు. పడసాలవాటికి నిలువు గాట్లు, వంటింటివాటికి ఏటవాలు గాట్లు, మరిది ప్రేమయ్య అర్రవాటికి కత్తెర గాట్లు. మొదటి కొయ్యకు ఒకటి, రెండోదానికి రెండు. అక్షరం ముక్క రానివాడు కూడా వేలితో తడిమి ఏ కొయ్య ఏ తావుదో చెప్పగలడు. గాటు పడిన కొయ్య బండెక్కి కొత్త ఇంటికి పోతుంది.

తెల్లవారి చాప చుడుతూ విశ్వాసమ్మ తన అర్ర పైకప్పు చూసింది. పద్నాలుగు దంతెలు. ఒక్కదానికీ గాటు లేదు. వాటిని మోస్తున్న నల్లమద్ది దూలానికి మాత్రం తెల్లగా మూడు నిలువు గాట్లు.

“దూలానికి పెట్టినావు గదా” అన్నది.

“అది పొడుగుండాది. ఆడ పడసాల పెద్దదిగా కట్టుకోవాలంటాండాడు ప్రేమయ్య. అంత దూలం ఇంగ యాడ దొరకాల.”

“దంతెలో?”

“అవి ఈ ఊర్లోనే ఉంటాయంట.”

“నా నెత్తిమింది కప్పు ఈ ఊర్లో ఉంటే నేను యాడుండాల?”

ఓబన్న అప్పుడు తలెత్తాడు. నెరిసిన కనుబొమల మీద కొయ్యపొట్టు పడి ఉంది.

“చూడు తల్లీ. పోయిన వారం కొత్త తావుకు పోయి బునాదికి దారం పట్టింది నేనే. పడసాల, వంటిల్లు, ఒగ అర్ర. అంతే కొలిచినాడు మీ మరిది. నాకిచ్చిన కొలత నేను చేస్తాండా. ఆ పైన మాట నన్నడగద్దు.”

 ఒక్కొక్కటిగా విశ్వాసమ్మకు అర్థమవుతూ వచ్చింది. రెండేళ్లుగా బావిలో నీళ్లు ఉప్పెక్కి జొన్న కూడా పండక, కోయిలకుంట్ల సీమ వదిలి బనగానపల్లె వైపు మామిడితోట కాపలాకు పోదామని మరిది ప్రేమయ్య అన్నప్పుడు, ముందుగా సరేనన్నది ఆమే. మిరుగు కార్తె వానలు పడేలోపల కొత్త మిద్దె మీద చవుడు పరవాలనీ, దానికి వైశాఖంలోనే ఈ ఇల్లు విప్పాలనీ లెక్క చెప్పింది ఆమే. విత్తనాల జొన్న సొరబుర్రల్లోకి ఎత్తింది, మంచాల నులక విప్పి చుట్టలు చుట్టింది, తిరగలి రాళ్లు మొదటి బండి అడుగున వెయ్యాలని చెప్పింది ఆమే. ఇంటిల్లిపాదికీ ప్రయాణం సిద్ధం చేసింది. ఆ ఇంటిల్లిపాదిలో తాను లేదు.

వంటింటి వెనక నీడలో తోడికోడలు రాహేలమ్మ కుండల తట్టలో జొన్నచొప్ప కుక్కుతోంది. ఏడో నెల కడుపు. చంకలో మూడేళ్ల కృపమణి దిగనంటే దిగనని వేలాడుతోంది.

“ఆ ఊరగాయ జాడీ నువ్వు ఎత్తద్దు రాహేలూ. నేను పెడతా.”

“ఇంగ అలవాటు చేసుకోవాల గదక్కా. ఎన్నాళ్లని ఒకరు ఎత్తి పెడతారు.”

“ఏం మాట అది?”

“ఏం లేదులే.”

విశ్వాసమ్మ జాడీ అందుకుని, మూతి మీద గుడ్డ కట్టి, చొప్పలో నిలబెట్టింది. రాహేలమ్మ ఆ జాడీని తీసి ఇంకోవైపు పెట్టింది. విశ్వాసమ్మ చెయ్యి చాచి దాని మూతి గుడ్డ సరిచేసింది.

“నాలుగు దినాల నుంచి చూస్తాండా. పలకరిస్తే మొగం తిప్పుతాండావు. దంతెల సంగతి నీకు ముందే తెలుసునా?”

“నాకు దంతెలు తెలీదు, దూలాలు తెలీదు. తెలిసింది ఒగటే.” రాహేలమ్మ చొప్పకట్టను తట్టలోకి దబ్బున తోసింది. “ఈ కడుపుతో, చంకలో ఈ జలగతో, నీళ్లు యాడుండాయో తెలీని ఊరికి నన్ను తోలి, నువ్వు నంద్యాల బోర్డింగులో చల్లగా కూర్చోవాలనుకుంటివి. కూర్చో. నేను వద్దంటినా?”

విశ్వాసమ్మ చెయ్యి జాడీ మీదే ఆగిపోయింది.

“ఏ బోర్డింగు?”

“అబ్బో. ఏమీ ఎరగనట్లు. ఆడపిల్లలకు వండిపెట్టే పనికి నువ్వే అడిగినావంట. మన సంఘం ఉపదేశయ్య కాగితం రాసినాడంట. నాతో ఒగ మాట చెప్పకపోతివి. ఆరేండ్లు ఒగ పొయ్యి కాడ వండుకున్న్యాం.”

“ఎవరు చెప్పినారు నీకు?”

“ఎవరు చెబుతారు. ఇంటాయనే.”

 దొడ్డిలో బర్రె ముక్కు చీదింది. పడసాలలో ఓబన్న సుత్తి దెబ్బలు లెక్కపెట్టినట్లు వినిపిస్తున్నాయి.

“నేను అడగలేదు రాహేలూ.”

“నాతో దాపరికం ఎందుకక్కా.”

“ఒట్టు పెట్టుకోకూడదని మనకు చెప్పినారు, పెట్టను. నా మొగం చూడు. నేను అడగలేదు.”

రాహేలమ్మ చూసింది. ఆమె చూపులో కోపం ఒక్కసారిగా పోలేదు. కుండలో నీళ్లు ఇంకినట్లు మెల్లగా దిగింది.

“మల్ల నాతో అట్ల ఎందుకు చెప్పినాడు?”

 రాహేలమ్మకే ఆ ప్రశ్న గుచ్చుకున్నట్టుంది. వెంటనే మొగుణ్ణి వెనకేసుకొచ్చింది.

“ఏదో అనుకుని చెప్పింటాడు. నువ్వు ఎప్పుడన్నా విసిగి, యాడికన్నా పోతానని అనింటావు.”

“నేను విసిగితే ఊరంతా వినపడుతాది గదమ్మీ. నీకు వినపడలేదా?”

రాహేలమ్మకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగి, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బిడ్డను దించి, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఇందాక తీసిన జాడీని మళ్లీ విశ్వాసమ్మ పెట్టినచోటే పెట్టింది.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి ప్రేమయ్య వచ్చాడు. కోయిలకుంట్ల సంతకు పోయి బండ్ల మాట ఖాయం చేసుకొచ్చాడు. తలగుడ్డ తీసి మొగం తుడుచుకుంటూ గడపలోనే చెప్పడం మొదలుపెట్టాడు.

“పని అయింది. మామిడికాయలు దించేసి గురువారం ఉత్త బండ్లు ఎనిక్కి పోతాయంట. నాలుగు మనవి. రెండింటి మింద కొయ్య, ఒగదాని మింద సామాను, ఒగదాని మింద మనుషులు. సల్లపొద్దున బర్రెను ముందు తోలించాల. రెండామడల దోవ, ఎండలో నడవలేదు అది.”

“మనుషుల బండి మీద ఎంతమంది?” అన్నది విశ్వాసమ్మ.

ఆమె సంగటి ముద్ద తెచ్చి పళ్లెంలో పెట్టింది. ఊరిబిండి పచ్చడి పక్కన పెట్టింది. ప్రేమయ్య కూర్చున్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. ముద్దలో గుంట చేశాడు గానీ నోట్లో పెట్టుకోలేదు.

“ఓబన్న చెప్పినాడా?”

“ఓబన్న చెప్పలేదు. నా దంతెలు చెప్పినాయి.”

“వదినా, నేనే చెబుదామని...”

“ఎప్పుడు? బండెక్కినాకా?”

రాహేలమ్మ వంటింటి గడప దగ్గర నిలబడింది. ప్రేమయ్య ఆమెను చూసి, “నువ్వు లోపలికి పో” అన్నాడు. ఆమె లోపలికి పోయింది గాని పొయ్యి వైపు పోలేదు. గోడకు ఆనుకుంది. ఆమె గాజుల చప్పుడు అక్కడే ఆగిపోవడం ఇద్దరూ విన్నారు.

“తిను” అన్నది విశ్వాసమ్మ. “తింటా చెప్పు. ఏమొచ్చె?”

అతను పళ్లెంలోకి చూస్తూ చెప్పాడు.

“పోయిన నెల తోట కాడికి పోయినప్పుడు నలుగురు కూర్చోనుండారు. తోటాయన సుబ్బయ్య, కాయ కొనేటోళ్లు. ఎంతమంది వస్తారప్పా అని అడిగినాడు సుబ్బయ్య. నేను, పెండ్లాం, బిడ్డ, మా వదినె అంటి. మీ వదినెకు మొగుడు లేడా అన్నారు. మా యన్న కలరాకు పోయినాడు అంటి. అప్పుడు కాయ కొనేటాయన ఒగడు నవ్వినాడు. ‘తోటకు కాపలా ఒగడే గానీ వానికి ఇంట్లో కాపలా ఇద్దరన్నమాట’ అన్నాడు. అందరూ నవ్వినారు.”

విశ్వాసమ్మ చేతిలో గరిటె ఉంది. దాన్ని నింపాదిగా కుండ మీద పెట్టింది.

“నువ్వేమంటివి?”

ప్రేమయ్య సంగటిలో గుంటను వేలితో పెద్దది చేశాడు.

“నిన్నే అడుగుతాండా. వాళ్లు నవ్వితే నువ్వేమంటివి?”

“ఏం అనలేదు.”

“ఏమీ?”

“కొత్త తావు వదినా. వాళ్ల నేల, వాళ్ల నీళ్లు. ఈడ అందరికీ మనం తెలుసు. ఆడ ఎవరికి తెలుసు? నీ మీద మాట పడితే నేను తట్టుకోలేను. అందుకని ఉపదేశయ్యతో బోర్డింగు మాట...”

“పడింది గదా మాట. నీ ముందరే పడింది. తట్టుకున్నావు గదా.”

ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే ప్రేమయ్యకు సులువుగా ఉండేది. ఆమె అరిస్తే తానూ అరిచి బయటికి పోయేవాడు.

“నేనీ గడప తొక్కేసరికి నాకు పదకొండేండ్లు, నీకు నాలుగు. మీ యమ్మ మంచాన ఉండె. నీకు ఒళ్లంతా పొక్కులొచ్చినప్పుడు పన్నెండు దినాలు నిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న్యా. నా చేతులకూ ఆ మచ్చలుండాయి. ఆ ఒగ్గ మాట చెప్పేదానికి నీకు నోరు రాలేదా అబ్బీ? మా యమ్మ లాంటిదప్పా అంటే సుబ్బయ్య తోట ఇయ్యకుండా పోతాడా?”

“చెబితే ఇంగా నవ్వుతారు.”

“నవ్వనీ. నవ్వి నవ్వి వాళ్ల నోళ్లే నొచ్చేటివి.”

ప్రేమయ్య ముద్ద తుంచాడు. మళ్లీ పళ్లెంలోనే వదిలాడు. ముప్పై ఏళ్ల మనిషి, గడ్డంలో ఒకటి రెండు తెల్లవెంట్రుకలు కూడా వచ్చాయి. తప్పు చేసినప్పుడు మాత్రం చిన్నప్పటిలాగే కింది పెదవి లోపలికి లాక్కుంటాడు. ఆ పెదవి చూసి విశ్వాసమ్మ మనసు ఎన్నోసార్లు కరిగింది. ఈసారి ఆమె చూపు గోడ మీదికి తిప్పుకుంది.

“నీ పెండ్లాంతో నేనే అడిగినానని ఎందుకు చెప్పినావు?”

గోడ అవతల గాజులు కదిలాయి.

“సరే” అన్నది విశ్వాసమ్మ, అతను చెప్పడని తెలిసి. “విను. నాకు నీ పడసాలలో తావు వద్దు. నీ అర్రలో వద్దు. నీ ఇంటికి పది బారల దూరంలో నాలుగు గోడలు నేనే పెట్టుకుంటా. మట్టి తొక్కేది నాకు రాదా? వేరే తలుపు, వేరే పొయ్యి. అప్పుడు ఎవరు నవ్వుతారో చూస్తాం. నా పద్నాలుగు దంతెలు మాత్రం బండికెత్తించు. నీ పెండ్లాం కాన్పుకు మనిషి దగ్గరుంటాది, నాకు కప్పు ఉంటాది.”

“దూలం?”

“దూలం నీ పడసాలకే ఉండనీ. మీ యన్న నల్లమల నుంచి రెండు దినాలు బండి తోలుకొచ్చిన దూలం. దాని కింద నీ బిడ్డలు పండుకుంటే నాకు కడుపు నిండినట్లే. నాకు తుమ్మ మొద్దు చాలు.”

“సరే” అన్నాడు ప్రేమయ్య.

“సరే అంటే?”

“ఓబన్నతో చెబుతాలే.”

చెయ్యి కడుక్కుని లేచాడు. పళ్లెంలో ముద్ద ముక్కాలు అట్లే ఉంది. ఓబన్న పడసాలలో ఉన్నాడు. ప్రేమయ్య పడసాల దాటి, అతని పక్కనుంచే నడిచి, దొడ్డిలోకి పోయి బర్రె పలుపు విప్పాడు. అంత ఎండలో ఆ బర్రెను ఎక్కడికి తోలుకుపోతున్నాడో విశ్వాసమ్మకు తెలియలేదు. బర్రెకూ తెలిసినట్టు లేదు. రెండడుగులు వేసి నిలబడిపోయింది.

ఆమె ఓబన్న దగ్గరికి వచ్చింది.

“మా మరిది ఒప్పుకున్నాడు. నా దంతెలకు గాట్లు పెట్టు.”

“ఆయప్ప నోటితో చెప్పనీ తల్లీ. ఈ పొద్దు ఒగరి మాట మింద పెట్టి, రేపు ఇంగొకరి మాట మింద చెరపాలంటే కొయ్య ఏమైపోతాది?”

“గాట్లు ఏం రకంగా పెడతావు?”

ఓబన్న ఆలోచించాడు. నిలువు, ఏటవాలు, కత్తెర అయిపోయాయి.

“నీవి చుక్కలు పెడతాలే” అన్నాడు. ఆ మాట దయగా అన్నాడు. అంటూనే ఉలి సంచిలో వేసుకుని వంటింట్లోకి పోయాడు.

పొద్దు వాలుతుండగా ఒడ్డె అయ్యన్న ఇద్దరు మనుషులతో వచ్చి మిద్దెకు నిచ్చెన వేశాడు. చవుడు తోడే పని రేపటిదని విశ్వాసమ్మ అనుకుంది. ఇవాళ ఎండ తగ్గగానే మొదలుపెట్టమన్నారని అయ్యన్న చెప్పాడు. ఏ ఇల్లయినా చివర కట్టింది ముందు విప్పాలి. ఈ ఇంట్లో చివర కట్టింది వెనక అర్ర. పెళ్లయిన తొమ్మిదో ఏట, తనకంటూ ఒక తలుపు వేసుకునే గది కావాలని ఆమె నోరు తెరిచి అడిగితే మొగుడు లేవి కట్టించిన అర్ర.

వాళ్ల వెనకాలే ఒక బండి వచ్చి వాకిట్లో ఆగింది. ఉపదేశి జ్ఞానరాజు దిగాడు. తెల్లచొక్కా చెమటకు వీపున అంటుకుపోయి ఉంది. మొగమంతా సంతోషం.

“విశ్వాసమ్మా” అన్నాడు. “పోయేలోపల నీకు నా నోటితో చెప్పాలని నేనే వచ్చినానమ్మా. బడి మిద్దె కూలిపోయి ఎనిమిది నెలలు. పిల్లలను ఎండలో కూర్చోబెట్టి చదివిస్తా ఉండా. కొయ్య యాడినుంచి తేవాల దేవా అని అడగని పూట లేదు. పద్నాలుగు దంతెలు! లేవి పేరు బడి గోడ మీద రాయిస్తాం.”

విశ్వాసమ్మ ఆ మాటలు విన్నది. బండి వైపు చూసింది. బండిలో దంతెలు కట్టడానికి తెచ్చిన కొత్త తాడు చుట్ట ఉంది.

“ఎవరిచ్చినారయ్యా?”

“ఎవరేమిటమ్మా. నువ్వే గదా. మొన్న సంఘ పెద్దల కూటంలో ప్రేమయ్య లేచి చెప్పినాడు. మా యన్న పేరున దేవునికి ఇయ్యాలని మా వదినె కోరింది అన్నాడు. అందరం మోకాళ్లూని ప్రార్థన చేసినాం.”

రాహేలమ్మ బిడ్డను చంకనేసుకుని వాకిట్లోకి వచ్చింది. ఓబన్న గడపలో నిలబడ్డాడు. మిద్దె పైన అయ్యన్న పార భుజాన పెట్టుకుని కిందికి చూస్తున్నాడు. ప్రేమయ్య దొడ్డి తడిక దగ్గర ఉన్నాడు. అక్కడినుంచి ముందుకూ రాలేదు, వెనక్కూ పోలేదు.

అమ్ముకుని ఉంటే అడిగి తెప్పించవచ్చు. ఎవరికైనా ఊరికే ఇచ్చి ఉంటే పోయి పోట్లాడవచ్చు. మోకాళ్లూని దేవునికిచ్చినదాన్ని ఏ నోటితో తెమ్మనడం? అందులోనూ చదువుకునే పిల్లల నెత్తిన నీడ. అందులోనూ మొగుడి పేరు. ప్రేమయ్య బాగా ఆలోచించే ఇచ్చాడు.

జ్ఞానరాజు మొగంలో సంతోషం మెల్లగా తగ్గింది. ముప్పై ఏళ్లుగా ఇండ్ల వాకిళ్లలో నిలబడిన మనిషి. మాట్లాడనివాళ్ల మొగాలు చదవడం ఆయనకు వచ్చు.

“ఏమమ్మా? ఏమన్నా పొరపాటు జరిగిందా?”

విశ్వాసమ్మ తడిక వైపు చూసింది.

“ప్రేమయ్యా, ఇట్లా రా నాయనా. మీ వదినెను అడిగే ఇచ్చినావు గదా?”

ప్రేమయ్య వచ్చాడు. వచ్చి వదినె మొగంలోకి చూశాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. ఎవరి మేకనో రాయితో కొట్టి కాలు విరగ్గొట్టినప్పుడు, బడి ఎగ్గొట్టి కుందేటిలో ఈదుతూ దొరికినప్పుడు, వాళ్లన్న బెత్తం తీసిన ప్రతిసారీ అతను ఇట్లాగే చూసేవాడు. అప్పుడు ఆమె ముందుకొచ్చి, నేనే పంపినానని చెప్పేది. ఇప్పుడూ ఒక్క మాట చాలు. అవునయ్యా, నేనే ఇచ్చినాను. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. ఆమె పళ్లు బిగించింది.

“అడిగినానయ్యా” అన్నాడు ప్రేమయ్య. “ఒప్పుకునింది.”

“ఎప్పుడు?” అన్నది రాహేలమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. మొగుడి మాటకు నలుగురిలో ఎదురు మాట ఆమె ఎన్నడూ అనలేదు. ఇప్పుడు కూడా కోపంగా అనలేదు. సంతకు ఎప్పుడు పోయినావని అడిగినట్లే అడిగింది.

ప్రేమయ్య మొగం తడిక వైపు తిప్పుకున్నాడు.

జ్ఞానరాజు తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. “ఇదేం ఉపద్రవం ప్రేమయ్యా. దేవుని ముందర పలికిన మాట. ఈ ఆదివారం సంఘమంతటికీ చెబుతానంటిని. ఇప్పుడు పోయి ఏమని చెప్పాల నేను? ఉత్త బండి తోలుకొని...”

“ఉత్త బండి తోలద్దయ్యా” అన్నది విశ్వాసమ్మ. “దేవునికిచ్చింది ఇచ్చినట్లే ఉండనీ. పిల్లలకు నీడ కావాల. మా ఇంటాయన పేరు రాయకున్నా పరవాలేదు. ఇచ్చినోని అర్రలో కూడా దంతెలు పద్నాలుగే. ఓబన్ననడగండి. ఎంచి గాట్లు పెట్టినాడు.”

ఓబన్న నేల చూశాడు. ఎవరూ అతన్ని అడగలేదు. కానీ అతని తల తనంతట తానే, అవునన్నట్లు, ఒక్కసారి ఊగింది.

ప్రేమయ్య మొగం నల్లబడింది. నలుగురు మొగవాళ్ల ముందర, పెండ్లాం ముందర, ఉపదేశయ్య ముందర. తోటలో నవ్వినవాళ్లకు చెప్పలేని మాటలన్నీ ఇప్పుడు అతని గొంతులోకి వచ్చినట్లున్నాయి.  నిచ్చెన దగ్గరికి పోయి తలెత్తాడు.

“అయ్యన్నా. ఎనక అర్ర మింద మొదలుపెట్టు.”

“ఇప్పుడే?”

“ఇప్పుడే. పొద్దుంది గదా.”

అయ్యన్న మనుషులు మిద్దె మీద వెనక్కి నడిచారు. వాళ్ల అడుగులకు వాకిట్లో నిలబడ్డవాళ్ల మీద సన్నగా దుమ్ము రాలింది. జ్ఞానరాజు “ప్రేమయ్యా, వద్దు నాయనా, రోంత కూర్చుందాం, మాట్లాడుకుందాం” అంటున్నాడు. ప్రేమయ్యకు ఆ మాట వినిపించినట్టు లేదు.

విశ్వాసమ్మ కొంగు నడుముకు దోపుకుంది. గడప దాటి, పడసాల దాటి, వంగి తన అర్రలోకి పోయింది. పొద్దున చుట్టి మూలన పెట్టిన చాపను పరిచి, దాని నడుమ కాళ్లు మడుచుకుని కూర్చుంది. వాకిట్లోకి ఆమె వీపు, ఒక భుజం కనబడుతున్నాయి.

“ఏమప్పా” అన్నాడు పైనుంచి అయ్యన్న. “లోపల మనిషి కూర్చున్నట్లుండాదే. ఒగ పార ఎత్తినా గడ్డి సందులోంచి మన్ను దిగబడుతాది. కన్నూ ముక్కూ కానరాదు.”

ప్రేమయ్య నిచ్చెన మెట్టు పట్టుకుని నిలబడ్డాడు. 

“బయటికి రా వదినా” అన్నాడు. అరవాలనుకున్నాడు గానీ బతిమాలినట్లు వచ్చింది.

లోపల విశ్వాసమ్మ చాప అంచు సరిచేసుకుంది.

రాహేలమ్మ చంకలో బిడ్డను విడిపించి జ్ఞానరాజు చేతుల్లో పెట్టింది. పిల్ల కొత్తచేతుల్లో రాగం అందుకుంది. ఉపదేశయ్య దాన్ని ఎత్తుకోవాలో, గడప దాటుతున్న తల్లిని ఆపాలో తెలియక వాకిట్లోనే తిరుగుతూ ఉన్నాడు. ప్రేమయ్య ఇదంతా చూడలేదు. అతను పైకి చూస్తున్నాడు.

“చెప్పప్పా” అన్నాడు అయ్యన్న. “పార కింద పెట్టేదా, ఎత్తేదా?”

“కింద పెట్టమను” అని లోపలినుంచి వినిపించింది.

ప్రేమయ్య గిరుక్కున తిరిగాడు. ఆ గొంతు వదినెది కాదు.